గోడ మారితే బీము లెక్కా మారాలి

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే నుంచి అద్దంకి రోడ్డు చీలుతుంది. ఆ దారి పట్టుకుని పోతే మిర్యాలగూడ అవతల దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ కేంద్రం, ఆ పైన వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, కృష్ణ దాటితే పిడుగురాళ్ల సున్నం బట్టీలు. బూడిద, సిమెంటు, సున్నం మూడూ ఒకే దారిన దొరుకుతాయి. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు కట్టడాల్లో, ధర మామూలు సరుకును మించనప్పుడు, బూడిదతో చేసినవే వాడాలని కేంద్రం 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ ఇచ్చింది. డిప్లొమానో బీటెకో చేసి ఈ వైపు సైట్లలో చేరిన సివిల్ పిల్లలు రేపు లారీ నుంచి దింపించుకునేది ఇవే. అందుకే వీటితో పని ఎలా చేయాలో చెబుతున్నాను.

అన్నిటికన్నా ముందు గోడ బరువు సంగతి. తేలికైన ఏఏసీ బ్లాకులనుకుని డిజైన్ చేసిన బిల్డింగులో సగం పని అయ్యాక ఓనరు మనసు మారుతుంది. బ్లాకులు ఆలస్యమవుతున్నాయి, ఇటుకే పెట్టేద్దామంటారు. మేస్త్రి సరేనంటాడు. అక్కడ ఆపాల్సింది మీరే. పది అడుగుల ఎత్తున తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మీటరు పొడవుకు దాదాపు 1,300 కిలోలు తూగుతుంది. ఎనిమిది అంగుళాల ఏఏసీ గోడైతే 400 కిలోల దగ్గర ఉంటుంది. అంటే బీము మీద మూడింతల గోడ ఎక్కుతోందన్నమాట. బూడిద ఇటుక కూడా బరువులో మట్టి ఇటుకకు దగ్గరే. పర్యావరణానికి మంచిదైనంత మాత్రాన తేలికైనది కాదు. పని ఆపి స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫోన్ చేయండి. ఆయన సరేనంటే ఆ మాట రాతపూర్వకంగా తెప్పించుకోండి, వాట్సాప్ మెసేజ్ అయినా సరే. కాంట్రాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సరుకును బట్టే లెక్క అనడానికి మన నల్లగొండ జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను రాతి కట్టడంగా తలపెట్టారు. సిమెంటు కొరతగా, పనిచేసే చేతులు పుష్కలంగా ఉన్న కాలమది. నీటి తోపుడును రాయి తన బరువుతోనే కాసేలా డ్యాము మందం తేల్చారు. ఏ సరుకుతో కడతారో ముందు తేలింది, లెక్క దాన్నిబట్టి నడిచింది.

ఇక స్లాబు. షాపులో దొరికే పీపీసీ సంచిలో 15 నుంచి 35 శాతం బూడిద ఉంటుంది. మంచి సిమెంటే, కానీ నిదానంగా గట్టిపడుతుంది. మామూలు ఓపీసీకి కనీసం 7 రోజులు తడపాలని, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు తడపాలని ఐఎస్ 456 చెబుతోంది. ఎండ మండే చోట ఏ సిమెంటుకైనా కనీసం 10 రోజులు. నల్లగొండ ఏప్రిల్, మే నెలల గురించి వేరే చెప్పాలా? స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపడం అందరూ చేస్తారు, దెబ్బతినేది పిల్లర్లే. గోనెపట్టాలు చుట్టించండి. మధ్యాహ్నం రెండు గంటలకు వాటిని చేత్తో తాకి చూడండి. పొడిగా తగిలితే ఆ రోజు క్యూరింగ్ జరగనట్టే లెక్క.

స్లాబు కింది పోట్లు తీయడానికి 4.5 మీటర్ల స్పాన్ వరకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు అని ఐఎస్ 456లో ఉన్నది ఓపీసీకి. పీపీసీ వాడి, ఏడో రోజున సెంట్రింగ్ వాళ్లు వచ్చారు కదా అని ఒప్పుకోవద్దు. కాంక్రీటు పోసే రోజునే మూడు క్యూబులు ఎక్కువ తీసి, స్లాబు పక్కనే ఉంచి, దానితోపాటే తడపండి. వాటిని పగలగొట్టించి, ఫలితం డిజైనరుకు చూపించాకే పోట్లు కదిలించండి.

నీళ్ల విషయానికొస్తే, ఇది ఫ్లోరైడ్ ప్రాంతం కాబట్టి అందరి చూపూ దాని మీదే ఉంటుంది. కానీ కాంక్రీటు లోపలి ఇనుముకు తుప్పు పట్టించేది క్లోరైడ్. ఆర్‌సీసీకి వాడే నీళ్లలో అది లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పునాది తవ్వకముందే బోరు నీళ్లు ఒకసారి ల్యాబ్‌కు పంపండి.

రోబో శాండ్ పేరుతో క్రషర్ డస్ట్ దింపేవాళ్లుంటారు. జల్లెడ రిపోర్టు అడగండి. 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడి 15 శాతం దాటితే లారీ వెనక్కి పంపండి. మాల్ గట్టిగా ఉందని మేస్త్రి నీళ్లు పోయబోతే ఆపి, ప్లాస్టిసైజర్ అడగండి. బూడిద ఇటుక ఎంత నీరు పీలుస్తుందో చూడడానికి తూకం చాలు. బాగా ఆరినప్పుడు 3 కిలోలున్నది ఒక రోజంతా నీళ్లలో నానాక 3.6 కిలోలు దాటితే వద్దనండి.

ఇవన్నీ తేదీలతో ఒక రిజిస్టర్‌లో రాస్తూ పోండి: ఏ సిమెంటు, ఏ స్లాబు, ఎన్నో రోజున పోట్లు తీశారు, క్యూబు ఎంతకు పగిలింది. మేస్త్రీలకైనా మీకైనా పద్ధతిగా నేర్చుకోవాలనుంటే హైదరాబాద్‌లో 1998 నుంచి నడుస్తున్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, శిక్షణల వివరాలు కనుక్కోండి. రేపు పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు సర్టిఫికెట్లతోపాటు ఆ రిజిస్టర్‌లోని నాలుగు పేజీలు జిరాక్స్ తీసి పెట్టుకోండి. అడగకపోయినా చూపించండి.