నలువదియవ యేటి పాఠము

నలువదేండ్లు నిండుసరికి "ఇక మనవలన నేమగును?" అని నిట్టూర్చువారు పలువురు. సోమాజిగూడకు చేరువనే బేగంపేటలో నున్న యొక పాత భవనము ఈ ప్రశ్నకు బదులు చెప్పుచున్నది.

1857లో అల్మోరాలో జన్మించిన రొనాల్డ్ రాస్ సైనిక వైద్యుడు. యౌవనమున ఆయన మనస్సు కవిత్వము, నవలలు, సంగీతము, గణితము అని పలుదారులు త్రొక్కెను. 1895లో సికింద్రాబాదు వచ్చి దోమలపై పరిశోధన కుపక్రమించునాటికి ముప్పదియేడేండ్లు. 1897 ఆగస్టు ఉక్కలో, దోమ లెగిరిపోవునని పంకా సయితము వలదని, సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెను. చెమటకు దాని మరలు త్రుప్పుపట్టెను. ఎన్ని దోమలను కోసి చూచినను ఫలము కానరాలేదు. తుదకు ఆగస్టు 20వ తేదీన అనాఫిలిస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమి కనబడెను. అప్పటికి ఆయన వయస్సు 40. 1902లో నోబెల్ బహుమానము లభించెను.

ఇందు మొదటి పాఠ మిది: నడివయస్సున దేహబలము తగ్గినను ఓర్పు పెరుగును, ఆ ఓర్పుతో ఒక్క పనిని పట్టి విడువకుండవలెను.

రెండవది మరింత ముఖ్యము. ఆ దోమలచేత కుట్టించుకొన్నవాడు హుసేన్ ఖాన్ అను జ్వరరోగి. దోమకొక అణా చొప్పున అతనికి ముట్టినది. బహుమానము ఒకరిది, చాచిన చేయి వేరొకరిది!

కాయకమున హెచ్చుతగ్గులు లేవని బసవేశ్వరుడు బోధించెను. నలువది దాటినవారు తమ వెనుకనున్న చేతులను లెక్కింప నేర్వవలెను. ఇంటను, బడిలోను, మఠమునందును మనకు తోడ్పడిన వారిని నేడే పేరుపేరున స్మరింతము. శేషించిన యేండ్లకు తగిన పని నొకటి చేపట్టుదము.