పొగ అంటే కాలని వంటచెరకు

అమలాపురం దాటి సముద్రం వైపు వెళితే ఉప్పలగుప్తం వస్తుంది. దారి పొడవునా కొబ్బరి తోటలు, మధ్య మధ్య వరిచేలు, చేపల చెరువులు. వానాకాలంలో తెల్లవారుజామున ఏ పెరటివైపు చూసినా కొబ్బరాకుల మధ్య నీలిరంగు పొగ పాకుతూ కనిపిస్తుంది. స్నానాలకు నీళ్లు కాగుతున్నాయన్నమాట. దూరాన్నుంచి చూడటానికి అందంగానే వుంటుంది. పొయ్యి ముందు కూర్చున్నవాళ్ల కళ్లు చూస్తే ఆ అందం ఖరీదెంతో తెలుస్తుంది.

“మామ్మా! డొక్కలు తడిసిపోయాయి. పొగే గాని మంట రావట్లేదు.”

“మంటొస్తే పొగెందుకొస్తుందే? ఆ గొట్టం తెచ్చి వూదు.”

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. మామ్మ చెప్పింది ఆ సామెతకు రెండో సగం. నిప్పు బాగా వుంటే పొగ వుండదు! ఈ సంగతి మన పెద్దలు ఎప్పుడో గమనించారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ అనే పాఠ్యగ్రంథం రాశాడు. పొగను చూసి నిప్పు వుందని చెప్పవచ్చు గాని, నిప్పును చూసి పొగ వుందని చెప్పకూడదని అందులో వుంది. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు వుంటుంది, పొగ వుండదు. మరి పొగ ఎప్పుడు వస్తుంది? నిప్పుకు తడిసిన కట్టె తగిలినప్పుడు. దానికి ఆయన వాడిన మాట ‘ఆర్ద్రేంధన సంయోగం’. ఆర్ద్ర అంటే తడి, ఇంధనం అంటే వంటచెరకు. తర్కశాస్త్రం చదివే విద్యార్థులు వల్లెవేసిన ఈ మాట ఉప్పలగుప్తంలో పొయ్యి ముందు కూర్చున్న ప్రతివారికీ అనుభవమే.

ఇంతకీ పొగ అంటే ఏమిటి?

కట్టె నేరుగా కాలదు. ముందు వేడెక్కుతుంది. 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర అందులోని నీరు ఆవిరవుతుంది. 200 డిగ్రీలు దాటాక కట్టె పదార్థమే విడిపోవడం మొదలవుతుంది. రకరకాల వాయువులు, తారు ఆవిర్లు బయటికి వస్తాయి. ఎండుకట్టె బరువులో సుమారు నూటికి 80 వంతులు ఇలా వాయురూపంలో వచ్చేదే. చివరికి మిగిలేది బొగ్గు, కాస్త బూడిద. మనం మంట అనుకునేది ఈ వాయువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాలడమే. అవి పూర్తిగా కాలాలంటే దాదాపు 600 డిగ్రీలకు పైన వేడి వుండాలి, సరిపడా గాలి అందాలి, ఆ రెండూ బాగా కలిసేందుకు కాస్త సమయం, చోటు దొరకాలి. వీటిలో ఏది తక్కువైనా ఆ ఆవిర్లు కాలకుండానే చల్లబడి సన్నని తుంపరలుగా, మసి రేణువులుగా మారతాయి. అదే పొగ. అంటే మీ కళ్లు మండించేది, గిన్నె అడుగున నల్లగా అంటుకునేది, మీరు మోసుకొచ్చి పొయ్యిలో పెట్టిన వంటచెరకే! కాలకుండా పారిపోతోంది, అంతే.

నమ్మకం కలగకపోతే ఒక కొవ్వొత్తి తెచ్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన వుంచుకోండి. గాలి లేనిచోట వెలిగించి, కాసేపాగి నెమ్మదిగా ఆర్పండి. వత్తి నుంచి తెల్లని పొగ సన్నని తీగలా లేస్తుంది. వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తాకించకుండా, ఒక అంగుళం పైన ఆ పొగకు చూపండి. మంట పొగ మీదుగా కిందికి దూకి వత్తి మళ్లీ వెలుగుతుంది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే 1860 డిసెంబరులో పిల్లల కోసం మొదలుపెట్టిన కొవ్వొత్తి ఉపన్యాసాలలో ఈ ప్రయోగమూ చేసి చూపించాడు. కొవ్వొత్తి పొగ కాలిన మైనం కాదు, కాలని మైనం ఆవిరి.

తడి చేసే నష్టం ఎంత?

ఒక లెక్క వేద్దాం. కిలో పచ్చి కట్టెలో అరకిలో నీరు వుందనుకోండి. పచ్చి కట్టెలో అంత నీరు వుండటం మామూలే. 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవడానికి కిలోకు 70 కిలోకేలరీలు, దాన్ని ఆవిరిగా మార్చడానికి మరో 540. అరకిలోకు మొత్తం 305 కిలోకేలరీలు. ఆ వేడితో నాలుగు లీటర్లకు పైగా నీళ్లు మరగబెట్టవచ్చు. అది కాస్తా కట్టెలోని నీటిని గాలిలోకి పంపడానికే పోయింది.

అయితే లెక్క అక్కడితో ఆగకూడదు. మిగతా అరకిలో ఎండు పదార్థం కాలితే సుమారు 2,200 కిలోకేలరీలు వస్తాయి. అందులో 305 పోతే నష్టం ఏడో వంతే కదా, ఇంత మాత్రానికే మామ్మ విసుక్కోవాలా అనిపించవచ్చు. అసలు దెబ్బ వేరేచోట తగులుతుంది. నీరు ఆవిరవుతున్నంతసేపూ పొయ్యి లోపలి వేడి పెరగదు. వేడి చాలక ఆవిర్లు అంటుకోవు. కాబట్టి ఆ 2,200లో చాలా భాగం పొగగా మారి పెరట్లోకి వెళ్లిపోతుంది.

కోనసీమలో వంటచెరకుకు కొబ్బరిచెట్టే పెద్ద దిక్కు. కాని ఒకే చెట్టు నుంచి వచ్చినా దేని గుణం దానిది. ఎండిన కొబ్బరాకు భగ్గున మండి చప్పున ఆరిపోతుంది, అంటించడానికి అదే మేలు. మట్టలో గట్టిదనం వుంది, చీల్చి ఎండబెడితే నిలకడగా కాలుతుంది. చిప్ప సంగతి చెప్పనక్కర్లేదు. దట్టమైన పదార్థం, తీక్షణమైన వేడి, మంచి బొగ్గు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు నుంచి సైనికులను కాపాడిన ముసుగుల్లో వాడింది ఇలాంటి బొగ్గునే. పేచీ అంతా డొక్కతో. పీచు మధ్య వుండే పొట్టు స్పంజిలాంటిది, తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పీల్చుకుంటుంది. ఒక్క వాన తగిలితే చాలు, రోజుల తరబడి ఆరదు. పైగా దాని స్వభావమే రాజుకోవడం, భగ్గుమని మండటం కాదు. దోమల్ని తోలడానికి సాయంత్రం పూట డొక్క ముట్టించి పెడతారు చూడండి, ఆ పనికి పనికొచ్చే గుణమే వంటకు అడ్డం.

సముద్రపు ఒడ్డున, ఎస్.యానాం వైపు ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు వీటన్నిటికన్నా మంచి కట్టె. కాస్త పచ్చిగా వున్నా కాలుతుంది. కాని కొనాలి. డొక్కలు ఇంట్లోనే వుంటాయి. ఎక్కువమంది దేన్ని వాడతారో వేరే చెప్పాలా?

వూరికి హైదరాబాదు పొయ్యి

వంటింటి పొగను ఇంజనీర్లు పట్టించుకోవలసిన సమస్యగా చూసిన మొదటివాళ్లలో డాక్టర్ ఎస్.పి.రాజు ఒకరు. ఆయన హైదరాబాదులోని ఇంజనీరింగ్ రిసర్చ్ లేబరేటరీస్‌కు డైరెక్టరు. ఆ సంస్థలో రూపొందిన పొగలేని మట్టిపొయ్యిని వివరిస్తూ 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే చిన్న పుస్తకం రాశారు. ఆనకట్టలకూ వంతెనలకూ సంబంధించిన పరిశోధకులు మట్టిపొయ్యి మీద బుర్ర పెట్టడం నాకు భలే నచ్చిన సంగతి.

ఆ పొయ్యి మూసివున్న సొరంగంలాంటిది. ఒక చివర కట్టెలు పెట్టే నోరు, పైన వరసగా గిన్నెలు కూర్చునే కన్నాలు, రెండో చివర పొగగొట్టం. మంట మొదటి గిన్నెను కాచి, మిగిలిన వేడితో తర్వాతి గిన్నెలను కాచి, గొట్టంలోకి వెళ్తుంది. గొట్టం ఎందుకు లాగుతుంది? 300 డిగ్రీల వేడి గాలి, బయటి గాలితో పోలిస్తే, దాదాపు సగం బరువే వుంటుంది. తేలికైన గాలి గొట్టంలో పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి పొయ్యి నోటి నుంచి కొత్త గాలి వస్తుంది. ఇక వూదు గొట్టంతో పని తగ్గిపోతుంది.

మరి ఇంత మంచి పొయ్యి ప్రతి ఇంటా ఎందుకు నిలవలేదు? 1983లో భారత ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టింది. 2002లో అది ముగిసేలోగా దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టారు. వాటిలో చాలా కొద్ది కాలానికే మూలపడ్డాయి. గొట్టంలో మసి పేరుకుంటే దులిపే అలవాటు లేదు. మసి పట్టిన గొట్టం లాగదు, పొగంతా నోటి నుంచి ఎదురుతన్నుతుంది. గిన్నె కన్నానికి సరిపోకపోతే ఆ సందులోంచీ పొగే. మట్టి బీటలు వారితే అలికేవాళ్లకు లోపలి కొలతలు తెలియవు. తాటాకు ఇంట్లో గొట్టం పైకి తీయాలంటే నిప్పురవ్వల భయం. పైగా పొగకు ఒక ఉపకారం కూడా వుంది. కప్పుకు పురుగు పట్టనివ్వదని పెద్దలు దాన్ని కొంత ఓర్చుకున్నారు. పొయ్యిని ఎంచుకునేటప్పుడు దాని గొప్ప ఒక్కటే చూడకూడదు, అది పాడైతే బాగుచేసేది ఎవరో కూడా చూడాలి.

ఇంకో మెలిక. పొగను గొట్టంలోంచి బయటికి పంపడం వేరు, పొయ్యిలోనే కాల్చడం వేరు. గొట్టం ఇంటిని కాపాడుతుంది, వీధిని కాదు. పొగను కాల్చాలంటే పొయ్యి లోపల వేడి నిలవాలి. మందపాటి మట్టిగోడ వేడిని నిలుపుతుందని చాలాకాలం అనుకున్నారు. నిజానికి అది ముందు తానే వేడిని తాగేస్తుంది. 1980లలో అమెరికాలో లారీ వినియార్‌స్కీ అనే ఇంజనీరు దీన్ని సరిచేశాడు. కట్టెలు అడ్డంగా పెట్టే చిన్న నోరు, దాని వెనుక నిలువుగా లేచే ఇరుకైన గొట్టంలాంటి గది, చుట్టూ గాలి బుడగలతో నిండిన తేలిక పదార్థం. వేడి గోడల్లోకి పోదు, ఆవిర్లు గది లోపలే అంటుకుంటాయి. దీన్ని రాకెట్ పొయ్యి అంటారు. ఆ తేలిక పదార్థం కోసం మనం ఎక్కడికో పోనక్కర్లేదు. ధాన్యం మిల్లుల్లో మిగిలే ఊక బూడిద అందుకు బాగా పనికొస్తుంది. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన కప్పేది కూడా ఈ బూడిదనే!

పొయ్యి ఏదైనా దాన్ని నడిపే తీరు కొంత మన చేతిలో వుంది. కట్టెలు బొటనవేలంత లావుకు చీల్చాలి, నేల మీద కాక ఇనుప ఊచల మీద వుంచాలి, అప్పుడు కింది నుంచి గాలి అందుతుంది. నోటి నిండా కుక్కవద్దు. కొసలు మాత్రమే కాలుతూ, కాలిన కొద్దీ లోపలికి జరపాలి. గిన్నెను మరీ కిందికి దించితే చల్లని అడుగుకు తగిలి మంట సగంలోనే ఆరిపోతుంది, మసి కడుతుంది. ఎసరు మరిగాక మంట తగ్గించి మూత పెట్టండి. ఎంత మంట పెట్టినా మరుగుతున్న నీరు 100 డిగ్రీలు దాటదు. కిరసనాయిలు పోయడం, ప్లాస్టిక్ సంచులు వేసి అంటించడం మాత్రం వద్దు. ఒకటి చెయ్యి కాలుస్తుంది, రెండోది విషం పీల్పిస్తుంది.

కళ్ల మంట చిన్న బాధ అనుకోకండి. కర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మన దేశపు శాస్త్రజ్ఞులు కలిసి గుజరాత్ పల్లెల్లో వంటచేసే స్త్రీలకు గాలిని సేకరించే చిన్న పరికరాలు తగిలించి కొలిచారు. ఫలితాలు 1983లో వెలువడ్డాయి. పొయ్యి దగ్గర వాళ్లు పీల్చే ప్రతి ఘనపు మీటరు గాలిలో సుమారు 7 మిల్లీగ్రాముల రేణువులున్నాయి. ఆనాటికి పట్నపు పొగ మీదే అందరి దృష్టి, వంటింటి పొగను తూచినవాళ్లు అరుదు. ఇలాంటి గాలి పిల్లలకు న్యుమోనియాను, పెద్దలకు తీరని దగ్గును, కంటి శుక్లాలను తెస్తుంది. ఇళ్లలో వంటచెరకు, బొగ్గు, కిరసనాయిలు వంటివి కాల్చడం వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పొగ కనిపించకపోతే భయం లేదని కూడా అనుకోవద్దు. పాలు కాగే దాలిలో పిడకలు, కుంపట్లో బొగ్గులు నివురుగప్పి నెమ్మదిగా రాజుకుంటాయి. గాలి చాలని ఆ నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడు వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. చలికో, బాలింత గదిలో వెచ్చదనానికో కుంపటి పెట్టి తలుపులు మూయడం ప్రాణాపాయం.

1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం వచ్చాక చాలా ఇళ్లకు గ్యాసు చేరింది. అన్నం, కూర గ్యాసు మీద, స్నానాల నీళ్లు పెరటి పొయ్యి మీద అన్నది చాలా ఇళ్లలో కుదిరిన ఏర్పాటు. నా మటుకు నాకు ఈ ఏర్పాటే తెలివైనదనిపిస్తుంది. ఎలాగూ పెరటి పొయ్యి వుంది గనక, దాని నుంచి పొగ తగ్గించే పని మీరే మొదలుపెట్టవచ్చు.

దింపు తీసి కాయలు ఒలిచినప్పుడు ఓ పది డొక్కలు తీసుకుని కిరాణా కొట్టులో తూయించండి. అయిదు డొక్కలు పెరట్లో నేల మీద, అయిదు పొయ్యికి దూరంగా చూరు కింద గాలి తగిలేలా బద్దల మీద పెట్టండి. రెండు వారాలు ఆగి విడివిడిగా తూయించండి. తగ్గిన బరువును మొదటి బరువుతో భాగించి 100తో గుణిస్తే ఎంత శాతం నీరు పోయిందో తెలుస్తుంది. 400 గ్రాముల డొక్కలు 300 గ్రాములకు దిగితే పోయింది 25 శాతం. తర్వాత రెండు రోజులు, రెండు రకాల డొక్కలతో, ఒకే కాగులో ఒకే కొలత నీళ్లు కాచి, ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్నిసార్లు గొట్టం వూదవలసి వచ్చిందో మామ్మ చేతే చెప్పించి రాసుకోండి.