పర్సన్ అను మాట: తొడుగా? ముఖమా?

పాఠ్యభాగము: యాకోబు 2:1–9, అపొస్తలుల కార్యములు 10:34, 35

ఆంగ్ల బైబిలును చదువు తెలుగు విశ్వాసిని ఒక మాట తికమకపెట్టును. కొర్నేలి యింట పేతురు పలికిన పలుకును 1611వ సంవత్సరపు ఆంగ్ల తర్జుమాలో చూచినయెడల, దేవుడు ‘పర్సన్స్’ను గౌరవించువాడు కాడని పైకి అర్థమగును. తన స్వరూపమందు సృజించిన మనుష్యుని దేవుడు లక్ష్యపెట్టడా? ఈ సందేహము తీరవలెనన్న, ‘పర్సన్’ అను మాట పుట్టుక తెలియవలెను.

ఈ మాట లాటిను భాషలోని ‘పెర్సోనా’ నుండి, ఫ్రెంచి ద్వారా, 13వ శతాబ్దములో ఆంగ్లమున ప్రవేశించెను. పెర్సోనా అనగా నటుడు ముఖమునకు తగిలించుకొను తొడుగు. తొడుగుగుండ ధ్వని వెలువడుటచేత ఆ పేరు కలిగెనని ఒక రోమా పండితుడు చెప్పినట్లు ఔలుస్ గెల్లియుస్ 2వ శతాబ్దములో వ్రాసెను. హ్రస్వదీర్ఘములు పొసగనందున నేటి పండితులు దానిని సందేహించి, ప్రాచీన ఇటలీలోని ఎత్రుస్కనుల ‘ఫెర్సు’ అను మాటను మూలముగా చూపుదురు. క్రమముగా తొడుగు పేరు నాటకములోని పాత్రకును, ఆపైని సమాజములో మనుష్యుడు వహించు స్థానమునకును చెల్లినది.

గ్రీకులో దీనికి సరియైన మాట ‘ప్రొసోపొన్’. ముఖమనియు తొడుగనియు దానికి రెండర్థములు కలవు. పేతురు వాడిన గ్రీకు మాటకు ‘ముఖమును అంగీకరించువాడు’ అని అక్షరార్థము. దాని వెనుక ‘ముఖమును ఎత్తుట’ అను హెబ్రీ నానుడి యున్నది. ఎదుట నిలిచినవాని హోదాను చూచి తీర్పును వంచుట దాని భావము. ఆంగ్ల అనువాదకుల కాలమున ‘పర్సన్’ అను మాటకు బాహ్యరూపము అను అర్థము కూడ వాడుకలో నుండెను. తెలుగు బైబిలు ఇచ్చట ‘పక్షపాతి’ అని సూటిగా చెప్పుచున్నది. యాకోబు 2:1లోనైతే ‘మోమాటము’ అను చక్కని మాటను వాడినది. మోము అనగా ముఖమే గదా! ఆంగ్లములో మరుగుపడిన ముఖము తెలుగు మాటలో నేటికిని నిలిచియున్నది.

అయితే తొడుగునకు పేరైన మాట మనుష్యుని ఘనపరచు మాటగా ఎట్లు మారెను? కార్తేజివాడైన తెర్తుల్లియన్ సుమారు 213లో ప్రక్సెయకు విరోధముగా వ్రాసిన గ్రంథములో, దేవునియందు ఒకే సారము, ముగ్గురు ‘పెర్సోనా’లు అను పరిభాషను ఉపయోగించెను. ఒకే దేవుడు తండ్రియని, కుమారుడని, పరిశుద్ధాత్మయని మూడు తొడుగులు మార్చుకొనెనను బోధను సంఘము త్రోసివేసెను. గెత్సేమనేలో కుమారుడు తండ్రికి మొఱ్ఱపెట్టుట నటన కాదు. తండ్రి కుమారుని ప్రేమించుట వేషము కాదు. ఈ అపార్థమునకు తావులేకుండ గ్రీకు సంఘపితరులు ‘హుపొస్తాసిస్’ అను మాటను ఎన్నుకొనిరి. 451లో కల్కెదోను మహాసభ క్రీస్తును గూర్చిన తన ప్రకటనలో ఆ రెండు గ్రీకు మాటలను జతపరచెను. ఈ విధముగా వేషమునకు పేరైన మాట, ప్రేమించుటకును ప్రేమింపబడుటకును తగిన నిజమైన వ్యక్తికి పేరాయెను. ‘వ్యక్తి’ అను సంస్కృత పదమునకు వెల్లడియగుట అని మూలార్థము. తొడుగు మరుగుపరచును; వ్యక్తి వెల్లడియగును.

బంగారు ఉంగరము గలవానికి మంచి స్థలమును, మురికి బట్టల దరిద్రునికి పాదపీఠమునొద్ద చోటును చూపిన సంఘమును యాకోబు గద్దించెను. నేటి ఆలయములలో ఉంగరమునకు బదులు ఉద్యోగము, చందా మొత్తము, కులము అను తొడుగులున్నవి. ఇంటిపేరు విన్నంతనే కులమును లెక్కకట్టు అలవాటు, ఒకే ప్రభువు బల్లలో పాలుపొందు తెలుగువారి మధ్య కూడ పూర్తిగా అంతరింపలేదు. పెండ్లి సంబంధములయందును సంఘపెద్దల యెన్నికలయందును అది తల యెత్తును. అట్టిచోట ఒకడు ఇరువది యేండ్లు ఆరాధించినను, అతని తొడుగే తోటివారికి పరిచయము. అతడు పరిచయము కాడు.

పేతురు మాటలోని చిక్కు ఇప్పుడు విడిపోవుచున్నది. దేవుడు తొడుగును లక్ష్యపెట్టడు; కనుకనే ఆయన వ్యక్తిని లక్ష్యపెట్టుచున్నాడు. అన్యుడను తొడుగు తొలగినప్పుడు, దేవునికి భయపడు కొర్నేలిని పేతురు చూడగలిగెను. దేవుని మహిమ యేసుక్రీస్తు ‘ప్రొసోపొన్’ నందు ప్రకాశించుచున్నదని పౌలు 2 కొరింథీయులకు 4:6లో వ్రాసెను. అచ్చట అది తొడుగు కాదు, ముఖమే. ఆ ముఖమును చూచినవారు, ఆలయములో తమ ప్రక్కను కూర్చుండినవాని ముఖమును కూడ చూడ నేర్చుకొందురు.

ధ్యానమునకు ప్రశ్నలు:
1. సంఘములో ఒకని మాటకు విలువ నిచ్చునప్పుడు మొదట చూడబడునది తొడుగా, వ్యక్తియా?
2. ఏండ్ల తరబడి ఒకే ఆలయమునకు వచ్చుచున్నను ఇంకను పరిచయము కాని సహోదరుడు, సహోదరి ఎవరు?