విషవ్యర్థములు - శుద్ధి నియమములు

శుద్ధి అనగానే మనకు నీరు స్ఫురించును. మలినమైన దానిని కడిగిన చాలును, శుభ్రమైనదని మన విశ్వాసము. ఇంటి పాత్రల విషయమున ఇది సరియే. కాని రసాయన విషములు పేరుకొన్న స్థలములలో కడిగిన నీరు సైతము విషమే యగును. ఆ నీరు ఎచటికి పోవుచున్నదను ప్రశ్నతోనే అచట శుద్ధి ఆరంభము కావలెను. ఈ సూత్రమును భోపాల్ ఉదాహరణముతో పరిశీలింతము.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ విషవాయువుగా వెలువడి వేలమందిని బలిగొన్నది. సెవిన్ అను పురుగుమందు తయారీకై దానిని అచట నిలువ చేసిరి. నిలువ తొట్టిలోనికి నీరు చేరుటతో ఉష్ణము విపరీతముగా పెరిగి ఈ అనర్థము సంభవించినది. పదార్థమేదో తెలియనిదే దానిపై నీరు పోయరాదన్న పాఠమును మనము ఇచటనే నేర్వవలెను. పొడిసున్నము వంటిది దేహముపై పడినచో ముందుగా దులిపివేసి, పిదప కనీసము 15 నిమిషములు ధారాళమైన నీటితో కడుగవలెను.

వాయువు గాలిలో కలిసిపోయినను, కర్మాగారపు ఆవరణలోను, వెలుపలి చెరువులలోను ఏండ్ల తరబడి పడవేసిన వ్యర్థములు మిగిలినవి. అవి నేలలో ఇంకి, చుట్టుపట్ల పేదల బస్తీలలోని భూగర్భజలమును చెరచినవి.

ఇట్టి స్థలములలో పనిచేయువారి రక్షణకై నేలను మూడు మండలములుగా విభజింతురు. విషమున్నచోటు ప్రమాద మండలము. దానిని ఆనుకొని శుద్ధి మండలము. ఆవల గాలి వచ్చు దిశగా రక్షిత మండలము. ప్రమాద మండలమున ఎవరును ఒంటరిగా పనిచేయరాదు. అన్నపానములు, బీడీ, సిగరెట్టు నిషిద్ధములు. బయటికి వచ్చువారు శుద్ధి మండలము గుండనే రావలెను. మొదట బూట్లను, పై చేతితొడుగులను కడిగి విప్పుదురు; తరువాత రక్షక వస్త్రమును, పిదప ముఖకవచమును, చివరకు లోపలి చేతితొడుగులను తీయుదురు. వస్త్రమునంటిన ఆవిరి శ్వాసలోనికి పోకుండుటకే ముఖకవచమును అంతవరకు ఉంచుదురు. కడిగిన నీటిని కాలువలోనికి వదలక పీపాలలో పట్టి, దానిని కూడ విషవ్యర్థముగానే లెక్కింతురు. పని దుస్తులను ఇంటికి తీసికొనిపోరాదు. లేనిచో తండ్రి దుస్తుల విషము బిడ్డల నంటును.

మధ్యప్రదేశ్ హైకోర్టు ఆజ్ఞ ననుసరించి 2025 జనవరిలో భోపాల్ నుండి 337 టన్నుల వ్యర్థమును 12 కంటైనర్లలో సుమారు 250 కిలోమీటర్ల దూరమున నున్న పిథంపూర్ కు తరలించిరి. తమ గాలి, నీరు చెడునని అచటి ప్రజలు ఆందోళన చేసిరి. పరీక్షల అనంతరము ఆ వ్యర్థమును 2025 జూన్ నెలాఖరునాటికి దహించిరి. దహనము సేంద్రియ విషములను విచ్ఛిన్నము చేయగలదే కాని, సీసము, పాదరసము వంటి లోహములను నశింపజేయజాలదు. దహన క్రియలో కలిపిన సున్నము మున్నగువానితో కూడి, మిగిలిన శేషము 800 టన్నులకు మించినది! దానిని ఎచట పూడ్చవలెనను ప్రశ్న మరల న్యాయస్థానము ముందుకు వచ్చినది. భోపాల్ నేలలో ఇంకిన విషము సంగతి వేరు. ఈ 337 టన్నులలో అది అంతయు చేరలేదు.

ఇది దూరదేశపు కథ యని విద్యార్థులు తలపరాదు. మన పల్లెలలో ఖాళీ పురుగుమందు డబ్బాను కడిగి, అందు నీళ్లు నింపుకొను వారున్నారు. అట్టి డబ్బాను మూడుమార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ తొట్టిలోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడువవలెను. కళాశాల ప్రయోగశాలలో మిగిలిన ద్రావణమును తొట్టిలో పోయుటకు ముందు ఒక్క క్షణ మాగి, అది ఎవరి బావిని చేరునో యోచింపవలెను. మన కంటికి కనబడని చోటికి విషమును పంపుటను శుద్ధి యనరాదు.