ప్రయాణములో రహస్య సంఖ్యలు



క్రిందటి వేసవిలో మేము బెంగుళూరు మెజెస్టిక్‌లో ఒంగోలు బస్సు ఎక్కుచుండగా పర్సు పోయినది. అందులోని ఏటీఎం కార్డు వెనుక పిన్ మా చేతివ్రాతతోనే ఉన్నది! బ్యాంకుకు ఫోను చేయులోగా పదివేల రూపాయలు పోయినవి. తాళము, తాళపుచెవి ఒకేచోట ఉంచిన తప్పు మాదే.

నాలుగంకెల పిన్‌లు 0000 నుండి 9999 వరకు 10,000 ఉన్నవి. పుట్టిన సంవత్సరము పెట్టుకొన్నచో దొంగ 19 తరువాతి నూరు సంఖ్యలు చూచిన చాలును.

1. 1 నుండి 9 వరకు చీట్లు వ్రాసి, ఒకటి తీయుడి. తిరిగి కలిపి మరల తీయుడి. ఇట్లు నాలుగుసార్లు. 3, 5, 2, 4 వచ్చినవనుకొందము. అన్ని అక్షరముల మాటలతో వాక్యము కట్టుడి: "అమ్మమ్మ రాగిసంకటి మాకు వడ్డించెను." వాక్యము మరువము, సంఖ్యయు మరువము.

2. ఈమెయిలు పాస్‌వర్డు అన్నిటికంటె పొడవుగా, వేరుగా ఉండవలెను. అది చిక్కినచో తక్కినవి మార్చుట దొంగకు సులభము.

3. డబ్బు పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ అక్కరలేదు. అడిగినవాడు మోసగాడే.

4. జేబులో ఉంచవలసిన చీటీ వేరు: బ్యాంకు ఫోను నంబరు, సైబరు మోసములకు 1930.

అభ్యాసము: ప్రయాణమునకు ముందు మీ పర్సు ఒకసారి విప్పి చూడుడి. అందులో ఏ చీటీ ఉన్నది?