నర్సీపట్నము నుండి చింతపల్లి కెంత దూరము?

విద్యార్థులారా! రెండూళ్ల నడుమ దూర మొక్కటియే యని మనము తలంచుచుందుము. అది సత్యమో కాదో మన నర్సీపట్నమును, మన్యములోని చింతపల్లిని తీసికొని పరీక్షింతము.

మొదట పటమును చూడుడు. నర్సీపట్నము సుమారు 17 డిగ్రీల 40 నిమిషముల ఉత్తర అక్షాంశమునను, 82 డిగ్రీల 37 నిమిషముల తూర్పు రేఖాంశమునను ఉన్నది. చింతపల్లి సుమారు 17 డిగ్రీల 52 నిమిషముల అక్షాంశమునను, 82 డిగ్రీల 21 నిమిషముల రేఖాంశమునను ఉన్నది. అనగా చింతపల్లి మనకు ఉత్తరముగా 12 నిమిషములు, పడమటగా 16 నిమిషములు. అక్షాంశమున నొక నిమిషము 1.85 కిలోమీటర్లు. రేఖాంశములు ధ్రువములవైపు పోనుపోను దగ్గరగును గనుక, మన ప్రాంతమున రేఖాంశపు నిమిషము 1.77 కిలోమీటర్లు మాత్రమే. కావున ఉత్తరమునకు 22.2, పడమటికి 28.3 కిలోమీటర్లు. ఇవి లంబకోణ త్రిభుజమునకు రెండు భుజములు. వీని వర్గముల మొత్తమునకు మూలము కట్టిన కర్ణము సుమారు 36 కిలోమీటర్లు. కాకి యెగిరిన దూర మిదియే. గంటకు 600 కిలోమీటర్లు పోవు విమానము దీనిని 3 నిమిషముల 36 సెకండ్లలో దాటును.

కాని చింతపల్లిలో విమానము దిగు చోటు లేదు. లంబసింగి మీదుగా పోవు బాట సుమారు 50 కిలోమీటర్లు. తక్కిన 14 కిలోమీటర్లు ఎక్కడినుండి వచ్చినవి? కొండనుండి వచ్చినవి. మన యూరు సముద్రమట్టమునకు 60 మీటర్ల లోపు ఎత్తున నుండగా, చింతపల్లి 840 మీటర్లకు సమీపమున నున్నది. ఈ 780 మీటర్లను, 20 మీటర్ల నడకకు 1 మీటరు చొప్పున నెక్కవలెనన్న 15.6 కిలోమీటర్ల బాట కావలెను. కొండవాలు నిటారుగా నుండుటచే అంత పొడవు తిన్నగా దొరకదు. అందుచే బాట పామువలె మెలికలు తిరుగును. బస్సు గంటకు 25 కిలోమీటర్లు పోయినచో రెండు గంటలు పట్టును.

ఈ బాటకు మనుష్యుల చెమటయు వెలగా చెల్లినది. దీని పనిలో మన్యపువారిచేత చాలీచాలని కూలికి బలవంతముగా పని చేయించుట, 1922వ సంవత్సరమున అల్లూరి సీతారామరాజు నాయకత్వమున లేచిన తిరుగుబాటునకు గల కారణములలో నొకటి. ఆ యేట ఆగష్టు 22వ తేదీన ఆయన అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపైననే మొదట దాడి చేసెను.

మేము తరగతిలో ఈ లెక్క చేయించినపుడు కొండప్రాంతపు బాలు డొకడు లేచి, "అయ్యా, మా పల్లెనుండి బాటకు రోగిని డోలీలో మోసికొని రావలెను. ఆ దూరము పటములో నెక్కడ నున్నది?" అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. రోగికి దూరమును కొలుచునది స్కేలు గాదు, గడియారము. ఈ పాఠమును మాకు నేర్పినవా డా బాలుడే.

అభ్యాసము: మీ యింటినుండి సమీపపు ఆసుపత్రికి గల దూరమును పటముమీద నొకసారి, బాటవెంట నొకసారి, గడియారముతో నొకసారి కొలిచి, మూడింటిని ప్రక్కప్రక్కన వ్రాయుడు.