తివాచీ పెంకుపురుగు: గుర్తింపు, నివారణ

కాశ్మీరు శాలువ, ఏలూరు ఉన్ని తివాచీ, బెనారస్ పట్టుచీర వేర్వేరు ప్రాంతాల నేతగాండ్ర శ్రమఫలాలు. పెట్టెలో భద్రంగా ఉన్నాయనుకొన్న ఇటువంటి వస్తువులకు ఒకనాడు చిల్లులు కనిపించవచ్చు. అందుకు కారణమయ్యే కీటకాలలో తివాచీ పెంకుపురుగు ముఖ్యమైనది. ఇది డెర్మెస్టిడే కుటుంబానికి చెందినది.

ఎదిగిన పురుగు పొడవు సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. గుండ్రని వీపుపై నలుపు, తెలుపు, పసుపు రంగుల మచ్చలుంటాయి. పుప్పొడి, మకరందం దీని ఆహారం. ఇంట్లో పుట్టిన పురుగు వెలుగును వెదుకుతూ కిటికీల వద్దకు చేరుతుంది. దీనివల్ల బట్టలకు హాని లేదు.

హాని చేసేది దీని లార్వా. ఒంటినిండా గోధుమరంగు నూగు గల లార్వా చీకటిని కోరుతుంది. తివాచీల అడుగున, బట్టల మడతలలో దాగి ఉన్ని, పట్టు, ఈకలు, వెంట్రుకలు, చచ్చిన పురుగులు తింటుంది. ఉన్నిలోని కెరాటిన్ అనే మాంసకృత్తును జీర్ణం చేసుకోగల శక్తి బహు కొద్ది కీటకాలకే కలదు. ఈ దశ కొన్ని నెలలపాటు, పరిస్థితులు అనుకూలించనప్పుడు ఏడాదికి మించి సాగుతుంది. శుభ్రమైన నూలు బట్టల జోలికి ఇది సాధారణంగా పోదు. చెమట, ఆహారపు మరకలుంటే వాటినీ కొరుకుతుంది.

బట్టలను తినే చిమ్మెట లార్వా పట్టుదారపు గూడును, సాలెపట్టు వంటి పోగులను విడుస్తుంది. పెంకుపురుగు లార్వా విడిచేది నూగుతో కూడిన కుబుసాలను మాత్రమే. ఈ నూగు తగిలి కొందరికి దద్దుర్లు వస్తాయి. వాటిని నల్లికాటుగా పొరబడి మంచాలపై మందు చల్లడం వృథా. ఈ పురుగు మనిషిని కుట్టదు.

కిటికీ వద్ద కనిపించిన పురుగును చంపినంత మాత్రాన బెడద తీరదు. అది పుట్టిన చోటును వెదకవలెను. తివాచీని తిరగవేసి దులపాలి. బీరువాల వెనుక, గోడల మూలల పేరుకొన్న వెంట్రుకలను, దుమ్మును తొలగించాలి. చూరులోని పాత పిచ్చుక గూళ్లు కూడా వీటికి నెలవులే. ఉన్ని దుస్తులను ఉతికి, బాగా ఆరబెట్టి, బిగుతైన మూతగల పెట్టెలలో దాచాలి. కలరా ఉండల ఆవిరి అటువంటి మూసిన పెట్టెలోనే పనిచేస్తుంది. ఆ ఆవిరి పసిబిడ్డలకు ప్రమాదకరం కనుక వారి దుస్తుల మధ్య ఆ ఉండలను ఉంచరాదు. ప్రదర్శనశాలలలో విలువైన నేతవస్తువులను సున్నాకు దిగువ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో కొన్ని రోజులుంచి, మందులు లేకుండానే ఈ పురుగులను నిర్మూలిస్తారు.

ఏడాదికి రెండు మూడు మారులైనా పెట్టెలు తెరచి, ప్రతి మడతనూ వెలుగులో పరీక్షించడం ఇంటివారు అలవరచుకోవలసిన పద్ధతి.